ఏపీ 36 నుంచి టీజీ 03 దాకా

మా ఇంటికి కొత్త మారుతి స్విఫ్ట్ కారు వచ్చి కొన్ని నెలలైంది. "ఎట్లుంది కొత్త బండి?" అని ఎవరడిగినా బాగుందనే చెప్తున్నాను. నిజంగానే బాగుంది. కానీ దాని గురించి నాలుగు మాటలు చెప్పబోతే మధ్యలో పాత బండి వచ్చేస్తోంది. పాత బండి గురించి మొదలుపెడితే అది తిరిగిన రోడ్డు గుర్తుకొస్తోంది. అప్పట్లో హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయిన రోడ్డు, ఇప్పుడు పోతున్న రోడ్డు ఒకటి కావు. ఆ బండి ఆ రోడ్డుకు సరిపోయింది, ఈ బండి ఈ రోడ్డుకు సరిపోయింది. నాకు తోచింది ఇదే, అందుకే రాస్తున్నాను.

పాతదీ స్విఫ్టే, 2012 మొదట్లో కొన్నాం. అంతకుముందు ఏడాది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బాపు, అంటే మా నాన్న, ఆర్టీసీ డ్రైవర్. ఉద్యోగంలో ఆయన చివరి నెలల్లో పెద్ద భాగం సమ్మె శిబిరంలోనే గడిచింది. ఆ ఏడాది చివర్లో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత, నా జీతం మీద లోను కొంత కలిపి బండి తీసుకున్నాం. రంగు గురించి ఇంట్లో చాలా వాదనలు జరిగాయి కానీ డీజిలా పెట్రోలా అన్న ప్రశ్నే రాలేదు. ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజన్ పక్కన కూర్చుని బతికిన మనిషి ఇంకోటి ఎందుకు ఒప్పుకుంటాడు?

లెక్క ప్రకారం చూసినా అదే సరైంది. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010లోనే తీసేశారు, డీజిల్ మీద 2014 అక్టోబర్ దాకా ఉంచారు. ఆ మధ్య కాలంలో రెండింటికీ లీటరుకు ముప్పై రూపాయల దాకా తేడా వచ్చిన రోజులున్నాయి. 2011 ఆగస్టులో రెండో తరం స్విఫ్ట్ రాగానే డీజిల్ మోడల్ కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారంటే కారణం అదే. మేమూ చూశాం. షోరూం నుంచి ఫోన్ వచ్చిన రోజు అమ్మ ఇంట్లో పాయసం చేసింది.

వరంగల్ జిల్లా కోడ్ ప్రకారం బండికి ఏపీ 36 నంబరు వచ్చింది. ఉద్యమం నడుస్తున్న రోజులు. మా వాడకట్టులోనే చాలా బండ్ల మీద ఏపీ కొట్టేసి టీజీ అని రాయించుకున్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక అధికారిక కోడ్ టీఎస్ అయింది, 2024 మార్చిలో మళ్లీ టీజీగా మారింది. పాత బండి మాత్రం మా దగ్గర ఉన్నన్నాళ్లూ ఏపీ 36తోనే తిరిగింది. కొత్తదానికి టీజీ 03 ప్లేటు బిగిస్తుంటే బాపు పక్కన నిలబడి చూశాడు. "అప్పుడు మనోళ్లు పెయింటుతో రాయించుకున్న అక్షరాలే గదరా" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది.

పాత బండి ఇంజన్ గురించి కొంచెం చెప్పాలి. 1248 సీసీ, ఫియట్ కంపెనీ తయారుచేసిన డిజైన్. టాటా బండ్లలో కూడా అదే ఉండేది. 75 హార్స్‌పవర్ అంటే కాగితం మీద ఏమంత గొప్పగా అనిపించదు. దాని బలమంతా టార్క్‌లో, అంటే బండిని లాగే శక్తిలో ఉండేది. 190 న్యూటన్ మీటర్లు, ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగే దగ్గరే అందేది. ఆ 2000కు కింద ఉన్నంతసేపూ బండి బద్ధకంగా కదిలేది. దాటిందంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే టర్బో అందుకుని వీపును సీటుకు అదిమేది. మందకొడిగా ఉండే ఆ ఒకటి రెండు క్షణాలను ఎట్లా దాటించాలో తెలిస్తేనే ఆ బండి నడపడం వచ్చినట్టు.

అది ఎందుకు అంత ముఖ్యమో అప్పటి రోడ్డు మీద తిరిగినవాళ్లకు తెలుసు. ఇప్పటి 163వ నంబరు జాతీయ రహదారికి పాత నంబరు 202. పోవడానికి ఒక వరస, రావడానికి ఒక వరస. కాజీపేట, మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి, ఏ ఊరొచ్చినా ఊరి నడుమ నుంచే పోవాలి. జనగామ బజారులో బస్సులు, ఆటోలు, కూరగాయల బండ్లు అన్నీ కలిసి ఒక్క రోడ్డునే పంచుకునేవి. వానాకాలం పంట చేతికొచ్చాక వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోసేవాళ్లు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చేవాళ్లు. రైతుకు వేరే దారి లేదు, కల్లం ఉన్నవాళ్లు ఎందరని? కానీ రాత్రిపూట ఎదుటి లారీ లైట్లకు కళ్లు చెదిరితే ఆ రాళ్లు కనిపించేవి కావు. ఎంత నెమ్మదిగా పోయినా గుండె దడదడలాడేది.

ఆ రోడ్డు మీద ఓవర్‌టేక్ అంటే మేమిద్దరం కలిసి చేసే పని. మనకు స్టీరింగ్ కుడివైపు కదా. రోడ్డు ఎడమకు తిరిగిన చోట ముందున్న లారీ నాకు పూర్తిగా అడ్డమయ్యేది. ఎడమ సీట్లో కూర్చున్న బాపుకు మాత్రం లారీ పక్క నుంచి వంపు అవతలి దాకా కనిపించేది. ఆయన కొంచెం ముందుకు వంగి చూసేవాడు.

"ఆగు, బస్సొస్తున్నది."

బస్సు పోయేది.

"ఇంకోటున్నది, ఆగు."

అది కూడా పోయాక, "ఇగ పో" అనేవాడు.

ఆ "ఇగ పో" వినపడకముందే నేను నాలుగో గేరు నుంచి మూడో గేరుకు దించి ఇంజన్‌ను సిద్ధంగా పెట్టుకోవాలి. అప్పుడైతే మాట పూర్తయ్యేలోపు బండి లారీ పక్కకు వచ్చేసేది. గేరు దించడం ఆలస్యమైతే ఆయన మళ్లీ ఏమీ అనేవాడు కాదు, వెనక్కి ఆనుకుని ఇంకో సందు కోసం చూసేవాడు. ఉప్పల్ చేరేదాకా ఆయన కన్ను మూయడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ వెనక సీట్లో నిద్రపోయేది, పిల్లలు పడుకునేవాళ్లు, మేమిద్దరం మాత్రం రోడ్డును చూస్తూ ఉండేవాళ్లం. మాట్లాడుకునేది తక్కువే. అయినా బాపుతో నేను ఎక్కువ సేపు గడిపింది ఎక్కడంటే ఆ ముందు సీట్లలోనే అని చెప్తాను.

ఆర్టీసీలో ప్రతి డ్రైవర్‌కూ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తీస్తున్నాడో డిపోలో చూస్తారు. ఆ అలవాటు బాపును వదల్లేదు. గ్లవ్ బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, ట్యాంకు నింపించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు రాసేవాడు. కంపెనీ లీటరుకు 22.9 కిలోమీటర్లని చెప్పింది. హైవే మీద మాకు ఇరవైకి అటూ ఇటూ వచ్చేది, దానికే ఆయన ఎంతో సంతోషపడేవాడు. "దూరంగ ఎర్రలైటు కనవడంగనే కాలు తీసెయ్యాలె. బ్రేకు తొక్కి ఆపినవంటే అంత డీజిల్ పారవోసినట్టే" అని నాకు నేర్పింది ఆయనే. ఇప్పటికీ అట్లాగే నడుపుతాను.

బండి కొన్న కొద్ది రోజులకే మేడారం జాతర వచ్చింది. మా మొదటి దూర ప్రయాణం అదే. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు ఆపకుండా ఎవరూ మేడారం పోరు. అక్కడ కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి కదిలాం. డిక్కీలో అమ్మవార్లకు పెట్టే బంగారం, అంటే బెల్లం, వెనక సీట్లో అమ్మా, అక్కా, పిల్లలూ. పస్రా దాటాక బండ్ల వరస ఎంత పొడవుందో తెలియలేదు. ఫస్టు గేరులో గంటలు గంటలు నడిచింది. ఆ డీజిల్ క్లచ్ బరువుకు నా ఎడమ మోకాలు పట్టేసింది కానీ బండి మాత్రం వేడెక్కలేదు, మొండికేయలేదు.

అది మోయని వస్తువంటూ లేదు. బతుకమ్మకు ధర్మసాగర్ వైపు పోయి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాళ్లం. డిక్కీ నిండాక గునుగు కట్టలు పిల్లల ఒళ్లోకి వచ్చేవి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి పోతే బండారి అంటకుండా ఇంటికి రాలేం. వెనక సీటు కుట్లలో దిగిన ఆ పసుపు ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. మా మామ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఏడాది రెండు సంచులు మాకని ఇచ్చాడు. డిక్కీలో వేసుకొచ్చాం. వారం దాకా బండెక్కిన ప్రతివాళ్లూ తుమ్మడమే. అమ్మడానికి ముందు లోపల శుభ్రం చేయిస్తుంటే సీటు పట్టాల కింద ఎండిన గునుగు, పిల్లల పెన్సిల్ ముక్కలు, జాతర బెల్లం అంటుకుని గట్టిపడ్డ మరకలు దొరికాయి. శుభ్రం చేసే పిల్లాడు అన్నీ ఊడ్చి పారేస్తుంటే నేను బయటికొచ్చి నిలబడ్డాను.

రోడ్డు మారుతూ వచ్చింది. ముందు భువనగిరి, యాదగిరిగుట్ట దాకా నాలుగు వరసలు పడ్డాయి, తర్వాత అక్కడి నుంచి వరంగల్ దాకా. పక్కనున్న పెద్ద పెద్ద చింతచెట్లు పోయాయి. ఆలేరుకు, జనగామకు బైపాస్‌లు వచ్చాయి. బీబీనగర్ దగ్గర గూడూరులో ఒకటి, జనగామకు ఇవతల కోమల్లలో ఒకటి టోల్ గేట్లు వచ్చాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. హనుమకొండ ఊళ్లోకి రాకుండానే ములుగు రోడ్డుకు చేరే రింగు రోడ్డు కూడా పడింది. చెట్లు పోయినందుకు బాధే. కానీ ఆ రోడ్డు మీద ఎన్ని ప్రమాదాలు చూశామో తెలిసినవాడిగా, నడుమ డివైడర్ రావడం కంటే మంచి పని ఇంకోటి జరగలేదని గట్టిగా నమ్ముతాను.

పాత బండికి చేతనైనవన్నీ ఈ రోడ్డు మీద అక్కర్లేకుండా పోయాయి. ఐదో గేరులో వేస్తే టోల్ గేటు దాకా గేరు మార్చే పనే లేదు. టర్బో ఎప్పుడు అందుకుంటుందో చూసుకోవాల్సిన అవసరమూ లేదు.

కొత్త బండి తీసుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పటిదాకా ఊగిసలాడిన మేము ఆ వారమే బుక్ చేశాం. డీజిల్ కావాలన్నా ఇప్పుడు దొరకదు. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ మీద బీఎస్ 6 నిబంధనలు వచ్చినప్పుడే మారుతి డీజిల్ బండ్లు మానేసింది. చిన్న డీజిల్ ఇంజన్‌ను ఆ నిబంధనలకు తగ్గట్టు మార్చాలంటే పొగను వడగట్టే ఫిల్టర్లు, మిగతా సరంజామా కలిపి ఖర్చు చాలా పెరుగుతుంది. బాపుకు ఈ సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, "ఇప్పుడు ధరల తేడా కూడ ఏమంత లేదు గద" అన్నాడు. నిజమే, ఆ తేడా లీటరుకు పన్నెండు రూపాయలకు అటూ ఇటూ వచ్చేసింది.

దసరాకు బండి ఇంటికొచ్చింది. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, జమ్మి ఆకు బాపు చేతుల మీదుగా స్టీరింగ్ దగ్గర పెట్టించాం.

మొదటి వారంలో అందరికంటే ఎక్కువగా తడబడింది అమ్మ. పాత బండి తాళం తిప్పితే వాడకట్టంతా వినపడేది. ఇది బటన్ నొక్కితే చాలు, చప్పుడు లేకుండా మొదలవుతుంది. "చాలూ చేసినవా బిడ్డా?" అని ప్రతిసారీ అడిగేది. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగిపోతే గాబరా పడింది. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే ఆగుతుందమ్మా, క్లచ్ తొక్కగానే మళ్లీ మొదలవుతుంది, పెట్రోలు ఆదా చేయడానికే అట్లా పెట్టారు అని చెప్పాను. ఈ సంగతి విని బాపు ముఖం వెలిగిపోయింది. డిపోలో నేర్పిన పాఠాన్ని బండే నేర్చుకుందన్నట్టు చూశాడు.

ఇప్పుడున్నది 1197 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. 82 హార్స్‌పవర్, 112 న్యూటన్ మీటర్లు. పాతదానికి నాలుగు సిలిండర్లు. మూడు సిలిండర్లంటే అదిరిపోతుందేమోనని నాకు టెన్షన్ ఉండేది. ఆగి ఉన్నప్పుడు సీటులో సన్నటి కదలిక తెలుస్తుంది, కదిలాక తెలియదు. టార్క్ అంకె చూస్తే పాతదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ. కానీ పాత డీజిల్ టన్ను దాటిన బండి, ఇది 920 కిలోలకు అటూ ఇటూ. పైగా టర్బో లేదు కాబట్టి ఆ మందకొడితనం లేదు. కాలు ఎంత నొక్కితే అంత వస్తుంది. వీపును సీటుకు అదిమే ఆ ఊపు లేదన్నది నాకు మొదట్లో వెలితిగా అనిపించింది, ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాత్రం ఈ మెత్తటి క్లచ్‌కు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లకూ ఇస్తున్నారు. బండి జారకుండా చూసే ఈఎస్‌పీ, ఎత్తు మీద వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ కూడా. వెనక నడుమ సీటుకు కూడా మూడు చోట్ల పట్టే బెల్టు ఉంది, పెట్టుకోకపోతే కూత పెడుతుంది. పాత బండిలో వెనక బెల్టులు సీటు సందుల్లో ఉండిపోయేవి, మేమెవరం వాడింది లేదు. ఇప్పుడు అమ్మ కూడా ఎక్కగానే పెట్టుకుంటోంది. ఎనభై దాటితే వచ్చే కూత పిల్లలకు విసుగు, బాపుకు ఇష్టం. 2019 జూలై నుంచి వచ్చిన అన్ని కార్లకూ అది ఉంది. "బస్సుకు స్పీడు కట్టేస్తరు, కారుకు ఎందుకుండద్దు?" అంటాడు. నేనూ ఆయన పక్షమే.

వెనక కెమెరా చూసి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. డ్రైవర్‌గా ఆయన ముప్పై ఏళ్లూ బస్సును వెనక్కి తీసింది కండక్టర్ విజిల్ మీద, "రానీ, రానీ" అన్న కేక మీద. ఇంటి గేటులోకి బండి తీస్తుంటే ఇప్పటికీ దిగి వెనక నిలబడతాడు. తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతల నడుమ చేయి ఊపుతూ బాపు కనిపిస్తాడు. నేను గీతలను చూడను, ఆయన చేతినే చూస్తాను.

పాత బండిని ఏటూరునాగారం వైపు మిర్చి రైతు ఒకాయన కొనుక్కున్నాడు. బండిని కొన్నవాళ్ల పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాక బాపు ఆయనను పక్కకు పిలిచి చాలా సేపు చెప్పాడు. చలికాలం పొద్దున మీటరులో స్ప్రింగు గుర్తు ఆరేదాకా, అంటే ఇంజన్ లోపల వేడెక్కేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. దూరం నడిపి వచ్చాక వెంటనే ఇంజన్ బంద్ చేయొద్దు, టర్బో చల్లబడేదాకా కాసేపు నడవనివ్వు. ఆయిల్ టైముకు మార్చు. ఆ రైతు అన్నీ శ్రద్ధగా విన్నాడు. నోటుబుక్కు కూడా ఆయనకే ఇచ్చేశాడు బాపు. నేను దాచుకుందామనుకున్నాను. "బండి లెక్క బండితోనే ఉండాలె" అన్నాడు. కొత్త బండికి కొత్త నోటుబుక్కు మొదలైంది. కంపెనీ చెప్పింది 24.8, హైవే మీద మాకు వస్తున్నది మళ్లీ ఇరవైకి అటూ ఇటూనే.

ఇక హైదరాబాద్ ప్రయాణం. కోమల్ల టోల్ దాటామో లేదో బాపు నిద్రపోతున్నాడు. మొదటిసారి ఒంట్లో బాగా లేదేమోనని కంగారు పడ్డాను. రెండోసారి అర్థమైంది. నడుమ డివైడర్ ఉంది, ఎదురొచ్చే బండి లేదు, లారీ ముందుకు తొంగి చూసే పని లేదు, బండిలో చప్పుడు లేదు. డెబ్బై దాటిన మనిషి, హాయిగా నిద్రపడుతోంది. ఏసీ గాలి ఆయన మొహం మీదికి రాకుండా తిప్పి నేను ఎనభైలోపే నడుపుతున్నాను. కొత్త బండి మాకు ఇచ్చినవాటిలో అన్నింటికంటే విలువైనది ఏమిటంటే నేను ఈ నిద్రనే చెప్తాను. ఆ ముందు సీటు మాటలు లేవన్న దిగులూ ఉంది. రెండూ నిజమే.

ఈమధ్య పాత బండి కొన్న రైతు బిడ్డ పెండ్లికి ఏటూరునాగారం పోయాం. ములుగు దాటి, పస్రా దాటి, తాడ్వాయి అడవిలోకి వచ్చాం. అక్కడ రోడ్డుకు ఇంకా నడుమ డివైడర్ లేదు. పోయేదీ వచ్చేదీ పక్కపక్కనే. వెదురు లోడుతో ఒక లారీ ముందు పోతోంది, రోడ్డు ఎడమకు తిరుగుతోంది. అప్పటిదాకా వెనక్కి ఆనుకున్న బాపు లేచి కూర్చుని ముందుకు వంగాడు.

"ఆగు. మోటర్ సైకిలొస్తున్నది."

నేను మూడో గేరుకు దించాను.

"ఇగ పో."

బండి చకచకా లారీని దాటింది. నేను నాలుగో గేరు వేశాక ఆయన మీటరు వైపు చూసి, "దీనికి అంత ముందుగాల గేరు దించుడు అక్కర్లేదురా, నేను పో అన్నంక దించినా అందుకుంటది" అన్నాడు. తర్వాతి లారీ దగ్గర అట్లాగే చేశాను.